కదలకుండా నిలబడే ఉద్యోగం

మోడలింగ్ గురించి రాస్తున్నానంటే మా ఆయన నవ్వారు. "అమ్ఘరాలో కూర్చునా?" అన్నారు. ఆ నవ్వులో అర్థం లేకపోలేదు. కువైట్‌లో ఉంటున్నవాళ్ళకి అమ్ఘరా అనగానే గుర్తొచ్చేది తుక్కు. నుజ్జు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చిన కార్లు, ఇనప చువ్వల కట్టలు, పాత ఏసీలు, వరసగా గోడౌన్లు, పొద్దస్తమానం లారీలు. సిటీకి పడమరగా, జహ్రా వైపు ఉంటుంది. కుటుంబంతో ఇక్కడ ఉండేవాళ్ళు బహు తక్కువ. మా ఆయన స్టోర్ కీపరుగా చేసే గోడౌను ఇక్కడే, కంపెనీ ఇచ్చిన రెండు గదులూ దాని వెనకే. అందుకని ఉంటున్నాం. మా పిల్లాడికి చందమామని చూపించి అన్నం పెట్టలేదు నేను, క్రేను చూపించి పెట్టాను.

ఇక మోడలింగ్ గొడవ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, కాకినాడ నుంచి మా వదిన ఫోన్ చేసింది. మా ఆయనకి అక్క. ఆవిడ కూతురు హైదరాబాద్‌లో బీకాం చివరి సంవత్సరం. చదువు అయ్యాక మోడలింగ్ చేస్తానంటోందట. "నువ్వు బీఎస్సీ చదివినదానివి, నీ మాటంటే దానికి గురి. కాస్త చెప్పి ఆ పిచ్చి వదిలించమ్మా" అంది వదిన. ఆ పిల్ల నాకూ ముద్దే. కానీ ఏమని చెప్పను? అప్పటికి మూడు నెలల కిందటే నేను ఇదే అమ్ఘరాలో, ఒక తుక్కు యార్డులో, చీరలు కట్టుకుని ఫోటోలకి నిలబడి ఉన్నాను.

మనవాళ్ళకి మోడల్ అంటే రెండే బొమ్మలు తెలుసు. ఒకటి టీవీలో ర్యాంప్ మీద నవ్వకుండా నడిచే పొడుగాటి పిల్ల. రెండోది, ఇంట్లో మాట వినకుండా ఊరు దాటిపోయిన పిల్ల. కానీ ఈ వృత్తిలో ర్యాంప్ ఎక్కేవాళ్ళు పిడికెడు మంది. మిగతావాళ్ళు మన కళ్ళ ముందే రోజూ ఉంటారు, మనం చూడం, అంతే. ప్రెషర్ కుక్కర్ అట్టపెట్టె మీద నవ్వే ఆవిడ ఎవరు? జూనియర్ కాలేజీ హోర్డింగ్ మీద పుస్తకాలు గుండెకి హత్తుకున్న పిల్ల ఆ కాలేజీలో చదివిందా? గాజుల ప్రకటనలో మోచేతి దాకా మాత్రమే కనిపించే చెయ్యి ఎవరిది? చేతులు మాత్రమే అద్దెకిచ్చే మోడళ్ళు ఉన్నారు. బట్టల కంపెనీల్లో ఫిట్ మోడళ్ళని మరొకరుంటారు. వాళ్ళ ఫోటో ఎక్కడా రాదు. కొత్త డిజైను కుట్టగానే తొడుక్కుని చూపించి, చంకలో పట్టేస్తోంది, వంగితే వీపు మీద లేస్తోంది అని చెప్పడం వాళ్ళ పని. అందాల కంటే కొలతలు మారకపోవడం ముఖ్యం అక్కడ. ఇంకా బొమ్మల కాలేజీల్లో విద్యార్థులు గీసుకోవడానికి కూర్చునేవాళ్ళున్నారు. వాళ్ళ సంగతి తర్వాత చెప్తాను, వాళ్ళ గురించి నాకు కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది.

ముందు నా సంగతి. ఫర్వానియాలో ఉండే ఒక తెలుగావిడ నాకు స్నేహితురాలు. ఆవిడకి ఫోటోలు తీయడం సరదా, మంచి కెమెరా కొనుక్కుంది. ఆవిడ చెల్లెలు మంగళగిరిలో చేనేత చీరలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి అమ్ముతుంది. బొమ్మకి కట్టి తీస్తే చీర పడే తీరు తెలియడం లేదని, మనిషికి కట్టి తీయాలని వీళ్ళ ఆలోచన. "వెనక తుప్పు పట్టిన ఇనుము ఉంటే పచ్చచీర ఎలా ఉంటుందో తెలుసా, మీ అమ్ఘరా కన్నా మంచి స్టూడియో ఉందా" అంటుంది ఆవిడ. నేను చామనఛాయ, ముప్పై నాలుగేళ్ళు, ఒక సిజేరియన్. నేనెందుకమ్మా అంటే, చీరలు కొనేది నీలాంటివాళ్ళే కదా అంది. ఆ మాట నాకు నచ్చింది. డబ్బులు మాత్రం వద్దన్నాను. నాది 22 నంబరు వీసా, భర్త మీద వచ్చిన ఫ్యామిలీ వీసా. దీని మీద ఇక్కడ ఉద్యోగం చేయకూడదు. స్నేహం మీద చేస్తానన్నాను.

జనవరి నెల, శుక్రవారం పొద్దున. కువైట్ చలి అంటే గల్ఫ్ బయట ఉన్నవాళ్ళు నమ్మరు కానీ, ఎడారి గాలి ఎముకల్లోకి వెళ్తుంది. యార్డు యజమాని దగ్గర మా ఆయన ముందే అనుమతి తీసుకున్నారు. అక్కడ కాపలా ఉండే పెద్దాయన రాయచోటి మనిషి. మేం తెచ్చిన ఇస్త్రీ చీరలు చూసి, "ఈడ చీర చూసి ఎన్నేండ్లయిందో మ్మా" అన్నాడు. ఒక కంటైనర్‌లో ఉన్న ఆఫీసు గదిని చీర మార్చుకోవడానికి ఖాళీ చేసి ఇచ్చి, తాను దూరంగా గేటు దగ్గర వీపు తిప్పి కూర్చున్నాడు.

మూడు గంటలు, పదకొండు చీరలు. జాకెట్టు వదులైనచోట వెనక బట్టల క్లిప్పులు పెట్టారు. ముందునుంచి చూస్తే ఒంటికి పోతపోసినట్టు, వెనకనుంచి చూస్తే ఆరేసిన తీగలా ఉన్నాను. గడ్డం కిందకి, భుజం వెనక్కి, నడుము అటు, ముఖం ఇటు, నవ్వు కళ్ళతో, పళ్ళతో కాదు. అన్నీ సరిపోయేసరికి పైట గాలికి ఎగిరిపోయేది, మళ్ళీ మొదటికి. ఒక కారు బానెట్‌కి ఆనుకుని నిలబడమంటే, చీరకి తుప్పు అంటకుండా, ఆనుకున్నట్టు కనిపిస్తూ ఆనుకోకుండా నిలబడాలి. మీరు గోడ దగ్గర ఒకసారి ప్రయత్నించి చూడండి, రెండు నిమిషాలు చాలు.

గంట దాటాక పిక్కలు పట్టేశాయి. ఆరో చీరకి కళ్ళు బైర్లు కమ్మాయి. పొద్దున టిఫిన్ తినకపోవడం వల్ల అంది స్నేహితురాలు. నేను శుభ్రంగా నాలుగు ఇడ్లీలు తిన్నాను. అసలు సంగతి డిగ్రీలో జువాలజీ మేడమ్ చెప్పినదే. మనిషి లేచి నిలబడగానే అర లీటరు దాకా రక్తం బరువుకి కిందికి, కాళ్ళ సిరల్లోకి దిగుతుంది. దాన్ని తిరిగి గుండెకి ఎక్కించేది పిక్క కండరాలు. నడుస్తుంటే అవి బిగుస్తూ వదులవుతూ సిరల్ని పిండుతాయి, సిరల్లోని కవాటాలు రక్తాన్ని వెనక్కి జారనివ్వవు. కదలకుండా నిలబడితే ఆ పంపు ఆగిపోతుంది. మెదడుకి వెళ్ళే రక్తం తగ్గి తల తిరుగుతుంది. పరేడ్‌లో నిటారుగా నిలబడ్డ సైనికులు దబ్బున పడిపోయేది ఇందుకే. అందుకని మోకాళ్ళు బిగించకూడదు, చీర కుచ్చిళ్ళ కింద కాలి వేళ్ళు ముడుస్తూ సాచుతూ ఉండాలి. ఆ తర్వాత అయిదు చీరలకీ నేను అలాగే నెట్టుకొచ్చాను. నడిచే పని కంటే నిలబడే పని కష్టమని చదువుకున్నది పదిహేనేళ్ళ కిందట, ఒంటికి తెలిసింది తుక్కు యార్డులో.

ఇప్పుడు బొమ్మల కాలేజీ మోడళ్ళ సంగతి. మాది రాజమండ్రి. గోదావరి గట్టున దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. స్కూల్లో ఉండగా తీసుకెళ్ళారు, నగ్న చిత్రాల దగ్గర టీచరు మమ్మల్ని గబగబా నడిపించేసింది. దామెర్ల 1897లో పుట్టాడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చెయ్యి చూసి ప్రోత్సహించి బొంబాయి జేజే స్కూలుకి వెళ్ళేలా చేశాడు. అక్కడ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయడం చదువులో భాగం. తిరిగొచ్చి మనవాళ్ళకి నేర్పి, 1925లో మశూచితో పోయాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆయన గీసిన ఆడవాళ్ళ నడుము ఒంపు, మెడ తిరిగిన తీరు చూస్తే ఊహలోంచి పుట్టినవి కావని తెలుస్తుంది. ఎవరో ఒకామె అలా మెడ తిప్పి, అంతసేపు ఉంటేనే ఆ గీత వచ్చింది. బొమ్మ కింద దామెర్ల పేరుంటుంది. ఆ పేరు అలా ఉండాల్సిందే. కానీ ఈసారి ఊరెళ్ళినప్పుడు టీచరు లేదు కాబట్టి తాపీగా నిలబడి చూశాను. చూసింది బొమ్మని కాదు, బరువు ఏ కాలి మీద వేసిందా అని.

లైఫ్ క్లాసుల్లో పద్ధతి ప్రపంచమంతా ఇంచుమించు ఒకటే. మొదట ఒకటి రెండు నిమిషాల భంగిమలు, విద్యార్థుల చెయ్యి సాగడానికి. తర్వాత పెద్దవి, ఇరవై నిమిషాలకోసారి విరామం. పాదాల చుట్టూ సుద్దతోనో టేపుతోనో గుర్తు వేస్తారు, తిరిగొచ్చి సరిగ్గా అక్కడే నిలబడాలి. బట్టలు లేకుండా అనే మాట దగ్గరే మనం ఆగిపోతాం కానీ, లోపల అది జేబురుమాలంత రొమాన్సు కూడా లేని పని. చలి, తిమ్మిరి, ముక్కు మీద దురద. జేజే స్కూలు మోడళ్ళ మీద రవి జాధవ్ 'న్యూడ్' అని మరాఠీ సినిమా తీశాడు. 2017లో గోవా చలనచిత్రోత్సవానికి ఎంపికైన దాన్ని చివరి నిమిషంలో తీసేశారు. తర్వాత సెన్సారు వాళ్ళు ఒక్క కత్తిరింపూ లేకుండా పెద్దల సర్టిఫికెట్ ఇస్తే 2018లో విడుదలైంది. అందులో ఆమె ఆ పనికి వెళ్ళేది కొడుకు చదువు కోసం. కొడుక్కి చెప్పుకోలేదు. మన ఊళ్ళ నుంచి ఖాదిమాగా కువైట్ వచ్చిన ఆడవాళ్ళు కొందరు ఇంటికి ఫోన్ చేసి "ఆఫీసులో పని" అని చెప్పడం నేను విన్నాను. ఆ సినిమా నాకు అందుకే దగ్గరగా అనిపించింది.

రంగు గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. మన విజయవాడ తల్లిదండ్రుల బిడ్డ నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా అయింది, భారత మూలాలున్నవాళ్ళలో మొదటిది. మిషిగన్ యూనివర్సిటీలో మెదడు, ప్రవర్తన మీద సైన్సు చదివిన పిల్ల. అమెరికాలో కొందరు ఆమె అమెరికన్ కాదన్నారు. ఇండియాలో ఇంకో మాట వినబడింది, ఈ రంగుతో ఇక్కడైతే గెలిచేదా అని. అదే సంవత్సరం తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళ మిస్ ఇండియా ఎర్త్ అయింది. ప్రకటనల ఆడిషన్లలో తెల్లగా లేవని పంపేశారని ఆవిడే ఇంటర్వ్యూల్లో చెప్పింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. డబ్బా పేరు మారింది, అడిగేవాళ్ళు పాత పేరుతోనే అడుగుతున్నారు. మా వదిన కూడా.

ఇక్కడే నా ఫోటోల కథ ఇంకో మలుపు తిరిగింది. మంగళగిరి అమ్మాయి పెట్టిన ఫోటోలు బాగా తిరిగాయి, చీరలు అమ్ముడయ్యాయి. మార్చిలో మా అత్తగారి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. ఊళ్ళో ఒక బట్టల కొట్టు ముందు కట్టిన ఫ్లెక్సీ. పచ్చ మంగళగిరి చీర, నిజాం అంచు, వెనక తుప్పు పట్టిన కారు తలుపు. మనిషి మాత్రం నేను కాదు. గోధుమ రంగు కూడా కాదు, మీగడ రంగు. సన్నటి ముక్కు, ఇరవై ఏళ్ళు. "ఈ చీర నీ దగ్గర ఉన్నదానిలా ఉంది, అలాంటిదే నాకు కావాలి" అని రాశారు అత్తగారు.

పెద్దది చేసి చూశాను. కుడి మణికట్టు పైన ఒక మచ్చ. బూరెలు వేయిస్తుండగా మూకుడు అంటుకున్న మచ్చ, పెళ్ళైన మొదటి సంక్రాంతిది. చెయ్యి రంగు తేల్చారు కానీ మచ్చని వదిలేశారు. కంప్యూటర్‌కి అది నగ అనిపించిందేమో. నిలబడ్డది నేను, పిక్కలు పట్టేసింది నావి, ముఖం ఎవరిదీ కాదు. ఆ ముఖం గల అమ్మాయి ఈ భూమ్మీదే లేదు.

స్నేహితురాలి చెల్లెలు ఆ కొట్టుకి ఫోన్ చేసింది. "ఇంటర్‌నెట్‌లో దొరికింది, ముఖం కూడా మార్చాం కదా, ఇంకేం" అన్నారట. ఆశ్చర్యం ఏమిటంటే అత్తగారూ అదే మాట అన్నారు, ఊరటగా. "పోన్లేమ్మా, ముఖం నీది కాకపోవడం మంచిదే అయింది. నలుగురూ తిరిగే బజారు." ఆవిడ ప్రేమతోనే అన్నారు. కానీ నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఫోటో వాడుకున్నందుకు సగం కోపం. మిగతా సగం, చీరకి నేను పనికొచ్చాను, ముఖానికి పనికిరాలేదు అన్నందుకు. మా ఆయన గట్టిగా ఏమీ అనలేదు కానీ, ఆ ఫ్లెక్సీ ఫోటోనీ అసలు ఫోటోనీ పక్కపక్కన పెట్టి చూసి, "దీంట్లో తుప్పు కూడా బాగుంది" అన్నారు అసలుదాన్ని చూపించి. ఆయన మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

చట్టం ఏమంటుందో చదివాను. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా ఫోటో మీద హక్కు తీసినవాళ్ళది, లేదా డబ్బిచ్చి తీయించుకున్నవాళ్ళది. ఫోటోలో ఉన్న మనిషిది కాదు. పేరున్నవాళ్ళు తమ రూపాన్ని వాడొద్దని కోర్టుకెళ్తున్నారు. ఢిల్లీ హైకోర్టు 2023లో అనిల్ కపూర్‌కి, 2025లో మన నాగార్జునకి అలాంటి రక్షణ ఇచ్చింది. మణికట్టు మచ్చకి ఏ కోర్టుకెళ్తాం? స్నేహితురాలి చెల్లెలే ఫోటోల తరఫున ఆ కొట్టుకి లాయరుతో నోటీసు పంపించింది. వారానికి ఫ్లెక్సీ మారింది, ఉగాది ఆఫర్ వచ్చింది. నోటీసుకి తీశారో, పండక్కి తీశారో.

పెద్ద దేశాల్లోనూ ఇదే గొడవ. 2025 ఆగస్టు వోగ్ పత్రికలో గెస్ కంపెనీ ప్రకటనలో ఉన్న అమ్మాయి మనిషే కాదు, కంప్యూటర్ చేసిన బొమ్మ. ఎచ్ అండ్ ఎమ్ కంపెనీ అదే ఏడాది తన మోడళ్ళలో 30 మందికి డిజిటల్ ప్రతిరూపాలు చేయిస్తానని, వాటి మీద హక్కు ఆ మోడళ్ళకే ఉంటుందని చెప్పింది. న్యూయార్క్ రాష్ట్రంలో 2025 జూన్ నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. మోడల్ రూపాన్ని కంప్యూటర్‌తో తయారుచేసి వాడాలంటే ఆమె దగ్గర విడిగా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి, దేనికి, ఎంతకాలం, ఎంత డబ్బు అన్నీ రాయాలి. ఫ్రాన్స్‌లో 2017 నుంచే ప్రకటనల్లో మోడల్ ఒళ్ళు సన్నగానో లావుగానో దిద్దితే దిద్దామని ఫోటో మీదే రాయాలి. మన ఫ్లెక్సీల మీద అలా రాయాల్సి వస్తే రాజకీయ నాయకుల కిందే మొదట రాయాలి, అది వేరే కథ.

ఇదంతా జరిగాక వదిన ఫోన్ వచ్చింది. పిల్లని పిచ్చి వదిలించమని. నేను మేనకోడలికి ఫోన్ చేసి, "ఏమే, ఎక్కడిదాకా వచ్చింది నీ వ్యవహారం" అన్నాను. "అమ్మ చెప్పమందా అత్తా?" అంది. చెప్పమంది, కానీ ముందు నువ్వు చెప్పు అన్నాను. ఒక ఏజెన్సీవాళ్ళు పోర్ట్‌ఫోలియోకని నలభై వేలు కట్టమన్నారట. కట్టలేదు కదా? కట్టలేదు. నీకు పని ఇప్పించి, ఆ డబ్బులోంచి కమిషన్ తీసుకునేది ఏజెన్సీ. నీ దగ్గరే ముందు డబ్బు తీసుకునేది ఫోటో స్టూడియో, అంతే తేడా అన్నాను. నవ్వింది. ఇంకో పని వచ్చిందట, ఒక నగల కొట్టు కేటలాగుకి, ఒక రోజు. కాగితం పంపారు, ఇంగ్లీషులో నాలుగు పేజీలు. పంపించు అన్నాను.

రాత్రి పిల్లాడు పడుకున్నాక ఇద్దరం ఫోన్‌లో ఒక్కో లైనే చదివాం. డబ్బు ఎప్పుడిస్తారో ఉంది, నగ పోతే ఎవరి బాధ్యతో ఉంది. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. ఈ చిత్రాలను ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా, ఏ మార్పులతోనైనా వాడుకోవచ్చు అని. "శాశ్వతంగా అంటే ఎంత అత్తా?" అంది. నువ్వు అమ్మమ్మవైనా నీ ఇరవై ఒకటో ఏటి మెడ వాళ్ళదే అన్నాను. "ఏ మార్పులతోనైనా అంటే?" నా దగ్గరున్న రెండు ఫోటోలూ పంపించాను, పచ్చచీరవి. కాసేపు మాట్లాడలేదు. "రెండోదాంట్లో కూడా నీ చెయ్యే కదా" అంది చివరికి. మచ్చ నేను చూపించకుండానే కనిపెట్టింది.

మర్నాడు వాళ్ళకి మెయిల్ పెట్టింది. శాశ్వతంగా అన్నచోట ఒక సంవత్సరం, ఏ మార్పులతోనైనా అన్నచోట ముఖం, రంగు మార్చకుండా అని. వాళ్ళు సంవత్సరానికి బదులు మూడేళ్ళన్నారు, రంగు మాట ఒప్పుకున్నారు. ఇది పిచ్చి వదిలించడం కాదని వదినకి తెలుసు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే ఫోన్ చేసి, షూటింగ్‌కి తోడుగా నేనూ వెళ్ళొచ్చా అని అడిగింది. ఆ పిల్లని అడగమన్నాను.

శనివారం షూట్. తల్లి శుక్రవారం రాత్రి రైలుకి బయల్దేరుతోంది, పులిహోర కలిపి పట్టుకెళ్తుందట. మోకాళ్ళు బిగించొద్దని, కాలి వేళ్ళు కదుపుతూ ఉండమని నేను మెసేజ్ పెట్టాను. "నగలకి మెడ దాకానే తీస్తారు అత్తా, కుర్చీ ఇస్తారట" అని జవాబు వచ్చింది.